చివరి మడి దాకా



ఇది 2024 క్రిస్మస్ సెలవుల సంగతి. మా అమ్మాయి ఏదో పుస్తకంలో వెనిస్ నగరం బొమ్మ చూసింది. అక్కడ వీధులకు బదులు కాలువలు, బండ్లకు బదులు పడవలు. "మనమూ ఇట్లాంటి ఊరికి పోదాం, పడవ ఎక్కుదాం" అని దసరా నాటినుండీ ఒకటే పోరు. ఇటలీ మాట దేవుడెరుగు, నిజామాబాదులో రైలెక్కితే కాలువల నగరం మనకూ ఒకటున్నది కదా అనుకున్నాము. మా అక్కగారిది విజయవాడ. బావగారు రైల్వేలో పనిచేసి, విశ్రాంతి తీసుకొని అక్కడే స్థిరపడ్డారు. ఎడపల్లిలో క్రిస్మస్ ఆరాధన ముగించుకొని, మరునాటి రాత్రి పిల్లలతో బయలుదేరాము.

మన వైపు ఆ రోజుల్లో చలిమంట లేనిదే తెల్లవారదు. అక్కడ పొద్దున పూట ఒక శాలువా ఉంటే చాలు. టీ తాగి బావగారి వెంట నడిచాము. ప్రకాశం బ్యారేజికి ఎడమవైపున మొదలయ్యే మూడు కాలువలు ఊళ్లోకి వస్తాయి. అవి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. పాత ఊళ్లో ఎటు పోయినా ఏదో ఒక వంతెన దాటవలసిందే. ఒకప్పుడు వీటిలో సరుకుల పడవలు, మనుషుల పడవలు నడిచేవి. ఏలూరు కాలువ వెంట పోతే గోదావరి కాలువలు కలిసేవి. నది ఆవలి గట్టు నుండి పోతే బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు చేరవచ్చు. రైళ్లు, లారీలు వచ్చాక ఆ పడవలు పోయినవి. ఇప్పుడు గట్ల వెంట ఇళ్లు, నీళ్లలో అక్కడక్కడ చెత్త. మా చిన్నవాడు బిస్కెట్టు కాగితం కాలువలో వేయబోతే, బావగారు వాని చెయ్యి పట్టుకొని ఆ కాగితం తన జేబులో పెట్టుకున్నారు.

ఈ కాలువలు ఆకలిలో నుండి పుట్టినవి. 1832-33లో గుంటూరు ప్రాంతంలో వచ్చిన కరువును పెద్దలు డొక్కల కరువు అనేవారు. ఎందరు చనిపోయారో, ఎన్ని ఊళ్లు పాడుపడ్డాయో తలచుకుంటే గుండె చెరువవుతుంది. నది నిండా నీళ్లు సముద్రంలోకి పోతుండగా గట్టు మీది మనిషి ఆకలితో చావడమేమిటన్నదే సర్ ఆర్థర్ కాటన్ గారి ఆవేదన. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట తరువాత, 1852లో కృష్ణ మీద పని మొదలైంది. కెప్టెన్ ఓర్ అనే ఇంజనీరు 1855లో దానిని పూర్తి చేయించారు. దాదాపు నూరేళ్లు నిలిచిన ఆ ఆనకట్టకు 1952లో గండి పడింది. తరువాత 1954లో మొదలుపెట్టి 1957లో ఇప్పటి బ్యారేజిని ముగించారు. దాని పొడవు సుమారు 1,223 మీటర్లు. మన మంజీర మీద నిజాంసాగర్ కూడా ఇట్లాగే 1923లో మొదలై 1931లో పూర్తయింది.

బ్యారేజి మీద నిలబడి మేము నీళ్లను చూసి మురిసిపోతుంటే బావగారు ఒక మాట అన్నారు. "గేటు దగ్గర నీళ్లు చూసి సంతోషపడటం తేలికే. నాగాయలంక, కోడూరు వైపు చివరి పొలం దాకా అందినప్పుడే కాలువ పారినట్టు."

ఆ మాట మాకు ముల్లులా గుచ్చుకున్నది. ఎందుకో తరువాత చెబుతాము.

బావగారి ఇల్లు సింగ్ నగర్‌లో. హాలు గోడ మీద మా భుజాల ఎత్తున మట్టి రంగు గీత ఒకటి కనబడింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి ఆ పేటలను ముంచిన గుర్తు అది. ఎగువన మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడినవి, దిగువన ఇళ్లు మునిగినవి. కృష్ణలో కూడా ఆ రోజుల్లోనే 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. అక్కావాళ్లు రెండు రాత్రులు డాబా మీద గడిపారు. "పడవ ఎక్కాలని అడిగావట కదా తల్లీ" అన్నది అక్క మా అమ్మాయితో. "మేము మా వీధిలోనే పడవ ఎక్కాము. నీకు ఆ ముచ్చట రాకూడదు." పిల్ల మళ్లీ వెనిస్ మాట ఎత్తలేదు.

ఆ రాత్రి మేమిద్దరమూ నిద్రపోలేదు. ఇక మా సంగతి చెప్పాలి. ఒక యాసంగిలో మా వంతు కాని రాత్రి, టార్చిలైటు పట్టుకొని మేమిద్దరమే పోయి తూము ఎత్తాము. మా వరి పచ్చబడింది. అదే ఉపకాలువ చివర పొలమున్న మా సంఘ సహోదరునికి రెండు మడులు ఎండిపోయినవి. ఆయనకు అనుమానము కలిగింది, మేము కాదన్నాము. అప్పటినుండి ఆరాధనలో ఆయన ఒక మూల, మేము ఒక మూల. ఆ గోడ మీది గీత చూసినప్పుడు, ఎగువనున్న వాళ్లు చేసింది దిగువ ఇంటి గోడ మీద రాసి ఉంటుందని మాకు తెలిసింది.

డిసెంబరు 31న తిరిగి వచ్చాము. రాత్రి ఆరాధనకు పోకముందే ఆయన ఇంటికి పోయాము. చేసిన సంగతి ఒప్పుకున్నాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నీళ్లు వచ్చే ఏడన్నా వస్తయి అన్నా. కానీ ఆ ఏడు బిడ్డ ఫీజు కట్టలేకపోయిన" అన్నారు. మా దగ్గర జవాబు లేకపోయింది. పంట నష్టం ఇస్తామంటే, "పైసలొద్దు. ఈ యాసంగికి తూము కాడ ఇద్దరం కలిసి కూసుందాం" అన్నారు. ఆయన మమ్ములను పూర్తిగా నమ్మినారని చెప్పలేము. కానీ ఆ యాసంగి రాత్రులు ఒకే గొంగడి మీద కూర్చున్నాము. మొదట చివరి మడికి పారించి, తరువాతే మా వైపు మళ్లించాము.

అర్పణ తేవడానికి ముందు సహోదరునితో సమాధానపడాలన్న సంగతి మనలో తెలియనివారు లేరు. సెలవుల్లో ఎక్కడికైనా పోయి రండి, పిల్లలకు నాలుగు ఊళ్లు చూపించండి. తిరిగి వచ్చాక మీ తూము కింద చివరి మడి ఎవరిదో ఒకసారి పోయి చూసి రండి.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాము.