ప్రతి జిల్లాలో గ్రంథాలయ శాస్త్రం కోర్సు పెట్టాలి!



మన శాఖా గ్రంథాలయాల్లో బెంచీలు ఖాళీగా లేవు. గ్రూప్స్‌కీ, కానిస్టేబుల్ పరీక్షలకీ చదివే పిల్లలు తలుపు తెరవకముందే వచ్చి నిలబడుతున్నారు. ఖాళీగా ఉన్నది లైబ్రేరియన్ కుర్చీ. ఒకరు రిటైరైతే పక్క ఊరి లైబ్రేరియన్‌కే ఇన్‌చార్జి ఇచ్చి చేతులు దులుపుకుంటున్నారు.

పోస్టులు భర్తీ చేయమని అడుగుతూనే ఉందాం. దాంతోపాటు ఇదీ అడుగుదాం: ప్రతి జిల్లాలో కనీసం ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో, ఇంటర్ పాసైనవాళ్లకు గ్రంథాలయ శాస్త్రంలో సర్టిఫికెట్ కోర్సు పెట్టాలి.

తాళం తీసి పేపర్లు పరిస్తే లైబ్రేరియన్ పని అయిపోయిందనుకునేవాళ్లు ఒక్కసారి కేటలాగు ముందు కూర్చోవాలి. విశ్వనాథ సత్యనారాయణ పుస్తకాన్ని ఇంటిపేరు కింద రాయాలా, సొంత పేరు కింద రాయాలా? ఒకచోట అలా, ఒకచోట ఇలా రాస్తే ఆయన పుస్తకాలు రెండు చోట్ల చీలిపోతాయి. శ్రీశ్రీ అని అడిగినవాడికి శ్రీరంగం శ్రీనివాసరావు అని రాసి ఉన్న పుస్తకం కూడా దొరకాలి. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివ శంకర శాస్త్రి అని ఎందరికి తెలుసు? ఈ ముడులు విప్పడం నేర్చుకుంటేనే వచ్చే పని.

ఫోన్లో అన్నీ దొరుకుతుంటే ఇవన్నీ ఎందుకంటారా? డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేయించింది. పేర్లను ఇంగ్లీషక్షరాల్లో తప్పుల తడకగా ఎక్కించడంతో ఎన్నో పుస్తకాలు ఉండీ లేనట్టే అయ్యాయి. యంత్రం ఉంది, డబ్బూ ఖర్చయింది. పేరు సరిగ్గా రాసే మనిషి కరువయ్యాడు.

గ్రంథాలయాల మీద శ్రద్ధ మనకు కొత్త కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, పాతూరి నాగభూషణం ఊరూరా తిరిగి గ్రంథాలయ ఉద్యమాన్ని నిలబెట్టారు. 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపిన నేల ఇది. అయినా నేటికీ గ్రంథాలయ శాస్త్రం చదువు ఎక్కువగా విజయవాడ, హైదరాబాద్, విశాఖ, తిరుపతి లాంటి చోట్లే ఉంది. గ్రంథాలయ శాస్త్రంలో డిగ్రీ అయిన బి.లిబ్‌కు ముందు ఇంకో డిగ్రీ కావాలి. ఉట్నూరులోనో పాడేరులోనో ఇంటర్ చదివిన అమ్మాయి హాస్టలు ఖర్చు పెట్టుకుని అంతదూరం వెళ్లగలదా? దూరవిద్య ఉందంటారు. కానీ ఈ పని పుస్తకాల మధ్య నిలబడి నేర్చుకోవాల్సింది.

కొత్త భవనాలు అక్కర్లేదు. సాయంత్రం కాలేజీ గదులు ఖాళీయే. పాఠం చెప్పడానికి కాలేజీ లైబ్రేరియన్లు ఉన్నారు, ప్రాక్టికల్స్‌కి జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది. గ్రంథాలయాలు నడిపే కోహా సాఫ్ట్‌వేర్ ఉచితం. ఉన్న కాలేజీల్లోనే స్థానికంగా పనికొచ్చే కోర్సులు నడపడానికి 2013లోనే యూజీసీ కమ్యూనిటీ కాలేజీల పథకం తెచ్చింది. శిక్షణలో ఉన్నవాళ్లను శాఖా గ్రంథాలయాల్లో పనికి పెట్టి, జిల్లా గ్రంథాలయ సంస్థ స్టైపెండ్ ఇవ్వాలి. సర్టిఫికెట్ రాగానే ఉద్యోగం ఖాయమని మేం చెప్పడం లేదు. బడుల్లో, కాలేజీల్లో, పత్రికాఫీసుల్లో ఈ పని తెలిసినవాళ్ల అవసరం ఉందని మాత్రం గట్టిగా చెబుతున్నాం.

డబ్బులెక్కడివని అడిగితే మీ ఇంటి పన్ను రసీదు చూపించండి. అందులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతున్నదే. ఆ రసీదు జిరాక్సు జతచేసి, ప్రిన్సిపాల్‌కొకటి, జిల్లా గ్రంథాలయ సంస్థకొకటి, కలెక్టర్ గారికొకటి అర్జీ ఇవ్వండి. తీసుకున్నట్టు సంతకం, తేదీ తప్పక వేయించుకోండి.