‘మీ ఇష్టం’ అనునది ధర కాదు

మన విడీ ఘర్కుల్ వీధులలో కంప్యూటర్లు బాగుచేయు యువకులు ఇప్పుడు తరచుగా కనబడుచున్నారు. ఒకడు ఇంటి ముందరి గదిలో బల్ల వేసికొని కూర్చుండును. ఇంకొకడు సంచి భుజమునకు తగిలించుకొని మోటారు సైకిలుపై ఇల్లిల్లు తిరుగును. పని నేర్చుకొన్నారు, పనిముట్లు కొనుక్కొన్నారు, పిలుచువారును ఉన్నారు. అయితే పని ముగిసిన పిదప “ఎంత ఇయ్యాలె బిడ్డా?” అని అడిగినచో వారికి నోట మాట రాదు. “మీ ఇష్టం మామా, ఎంతైనా ఇయ్యుండ్రి” అని తల వంచుకొని నిలుచుందురు. ఈ మాటలోని వినయము మెచ్చదగినదే. కాని దీనివలన ఇరుపక్షములకును కలుగుచున్న నష్టమును గూర్చి మనవారి యెదుట నాలుగు మాటలు చెప్పుట నా విధి అని తలంచితిని.

ముందుగా నా తప్పు నేను ఒప్పుకొనవలెను. రెండేండ్ల క్రిందట జీ.ఎస్.టీ. లెక్కలు పంపవలసిన గడువు రెండు దినములున్నదనగా నా దుకాణములోని కంప్యూటరు ఆగిపోయినది. మా వీధి అబ్బాయినే పిలిచితిని. అతడు రాత్రి తొమ్మిది గంటలకు వచ్చి చూచి, కరెంటు అందించు పెట్టె కాలిపోయినదనియు, హార్డ్ డిస్కు కూడ చెడిపోవుచున్నదనియు చెప్పినాడు. తన డిస్కు ఒకటి తెచ్చి, రెండు రాత్రులు కూర్చుండి నా ఖాతాలన్నియు ఒక్కొక్కటిగా అందులోనికి ఎక్కించినాడు. గడువులోపల లెక్కలు వెళ్లినవి. ఎంత అని అడిగితిని. “మీ ఇష్టం మామా” అన్నాడు. మూడు వందల రూపాయలు ఇచ్చి, చాయ్ త్రాగించి పంపితిని. పంపి, ధారాళముగా ఇచ్చితినని సంతోషించితిని కూడ.

ఆ నెలలోనే టవళ్ల డజనుపై రెండు రూపాయల తేడా కొరకు నేను ఒక కారఖానాదారునితో గంటసేపు వాదించినాను. అక్కడ పైసలతో సహా లెక్క కట్టినవాడను, ఇక్కడ ఆ అబ్బాయి నాలుగు మారులు వచ్చిపోయిన పెట్రోలు ఖర్చు కూడ లెక్కించలేదు. కొన్ని నెలలకు అతడు పుణేలో ఉద్యోగము చూచుకొని వెళ్లిపోయినాడు. తరువాత ఒకసారి యంత్రము చెడినప్పుడు పట్టణములోని ఒక దుకాణమునుండి మనిషిని పిలిపించితిని. అతడు అరగంట పనిచేసి తొమ్మిది వందల రూపాయల బిల్లు చేతికిచ్చినాడు. నేను మారు మాట లేక చెల్లించితిని. ఆ బిల్లు పట్టుకొని నిలుచున్నప్పుడు నాకు సిగ్గు కలిగినది. పరాయివాడు ధర చెప్పినాడు గనుక ఇచ్చితిని; మనవాడు చెప్పలేదు గనుక ఇవ్వలేదు.

ఈ నోరు పెగలకపోవుట ఎక్కడినుండి వచ్చినది? ఆలోచించినచో మన బ్రతుకులలోనే దీని మూలము కనబడును. మన పెద్దలు తెలంగాణమునుండి ఈ సోలాపూరునకు మగ్గమును నమ్ముకొని వచ్చినారు. మగ్గముపై నేసినవాడు తన కూలి తాను నిర్ణయించుకొన్నది ఏనాడును లేదు. చీర యొక్కంటికి ఇంత అని సావుకారు చెప్పెను, నేతగాడు పుచ్చుకొనెను. భార్య చుట్టిన కండెలకు, పిల్లలు అందించిన పోగులకు వేరుగా లెక్క లేదు. బీడీలును అట్లే. మన తల్లులు తునికాకు తడిపి, కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారము కట్టి, మూతి మడిచి, కట్టలు కట్టినను, కూలి మాత్రము వేయి బీడీలకు ఇంత అని. ఆకు తడుపుటకును కత్తిరించుటకును పట్టిన గంటలు ఎవరి పుస్తకములోను ఎక్కలేదు. ఆకు చాలకపోయినచో స్వంత డబ్బుతో కొనుట, బాగాలేవని తీసివేసిన బీడీలకు నోరు మూసికొనుట మన ఇండ్లలో ఎరుగనివారు లేరు. 1966లో వచ్చిన బీడీ, సిగారు కార్మికుల చట్టములో ఆకు ఇచ్చుటను గూర్చియు, బీడీలు తీసివేయుటను గూర్చియు వచ్చు తగవులను తీర్చుటకు ప్రత్యేకముగా ఏర్పాటు చేయవలసి వచ్చినదనిన, ఆ బాధ ఎంతటిదో తెలియుచున్నది.

ఇట్టి ఇండ్లలో పెరిగిన పిల్లలకు ధర అనగా ఎదుటివాడు చెప్పునది అని మనస్సులో నాటుకొనుట వింత కాదు. కాని తల్లికి లేని స్వాతంత్ర్యము కొడుకునకు వచ్చినది. అతని పనికి సావుకారు లేడు. ధర చెప్పు అధికారము అతని చేతిలోనే ఉన్నది. దానిని తిరిగి ఎదుటివాని చేతిలో పెట్టుట న్యాయమా?

ధర ఎట్లు కట్టవలెనో చూతము. ఒక ఉదాహరణము తీసికొందము. అంకెలను ఎవరికి తగినట్లు వారు మార్చుకొనవచ్చును. ఇంటి ఖర్చునకు నెలకు 18,000 రూపాయలు కావలెననుకొందము. గది అద్దె, కరెంటు 3,000. పెట్రోలు, ఫోను 1,500. మల్టీమీటరు, సోల్డరింగు ఐరను, పరీక్షకు ఉంచుకొను డిస్కులు మొదలైనవాటి అరుగుదల 1,000. జ్వరము వచ్చిన దినములకును పండుగ దినములకును నిలువ 1,500. మొత్తము 25,000 రూపాయలు.

నెలకు 25 పని దినములు, దినమునకు ఎనిమిది గంటలు. కాగా 200 గంటలు. గంటకు 125 రూపాయలు చాలునని మన అబ్బాయి లెక్క వేయును. ఇక్కడనే పొరపాటు. ఎనిమిది గంటలలో సామాను కొరకు అంగడికి పోవుట, ఫోనులో సమాధానములు చెప్పుట, దారిలో తిరుగుట, గిరాకీ లేక కూర్చుండుట, కొత్త సంగతులు నేర్చుకొనుట అన్నియు చేరియున్నవి. డబ్బు వచ్చు గంటలు నాలుగు దొరకిన గొప్ప. అనగా నెలకు నూరు గంటలు. గంటకు 250 రూపాయలు రానిచో ఆ ఇల్లు అప్పులో పడును. తునికాకు తడిపిన గంటలను ఇతరులు లెక్కలో వేయలేదని మనము బాధపడితిమి. ఇప్పుడు మన పిల్లలు తమ గంటలను తామే లెక్కలో వేసికొనకపోయిన ఎవరిని అనవలెను?

అయితే ప్రతి పనికిని గడియారము చూచి డబ్బు అడుగుటయు సరికాదు. పని బాగుగా తెలిసినవాడు పావుగంటలో ముగించును. తెలియనివాడు రెండు దినములు కూర్చుండును. గంటల లెక్కయే పట్టినచో తెలిసినవానికి తక్కువ, తెలియనివానికి ఎక్కువ ముట్టును. కావున తెలిసిన పనికి గుత్త ధరయే మేలు. విండోస్ మరల ఎక్కించుటకు ఇంత, ఫ్యాను మార్చుటకు ఇంత, లోపల శుభ్రము చేయుటకు ఇంత అని ముందే వ్రాసి పెట్టవలెను. మన ఊరిలో ఈ శుభ్రము చేయు పని తక్కువది కాదు. కారఖానాలలో దూది నూగు ఎగిరి కంప్యూటరు ఫ్యానులో చుట్టుకొనును; గాలి ఆడక యంత్రము వేడెక్కి తనంతట తానే ఆగిపోవును. సోలాపూరు వేసవిలో చెప్పనక్కరలేదు. యజమాని కొత్త యంత్రము కొనవలెనేమోనని భయపడునప్పుడు నూగు తీసి ఇచ్చినవాడు అతనికి వేల రూపాయలు మిగిల్చినట్లే. ఆ పనికి ఏబది రూపాయలు పుచ్చుకొనుట తన విద్యను తాను అవమానించుకొనుట.

జబ్బేమో తెలియని పనికి మాత్రము గంటల లెక్క పెట్టి, ఇంతకు మించదని హద్దు చెప్పవలెను. హద్దు దాటునట్లున్నచో ఆగి యజమానిని అడుగవలెను.

చూచినందుకు వేరుగా రుసుము ఉండవలెనా అని కొందరు అడుగుచున్నారు. తప్పక ఉండవలెను. డాక్టరు పరీక్షించి మందు అక్కరలేదన్నను ఫీజు ఇచ్చుచున్నాము గదా. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు ముగిసినది. పాత యంత్రములు చాల వరకు విండోస్ 11కు వారు పెట్టిన నియమములకు సరిపోవు. ఈ యంత్రముపై డబ్బు పెట్టవలెనా, వద్దా అని నేడు ఎందరో అడుగుచున్నారు. “దీనిపై ఖర్చు పెట్టకండి” అని నిజము చెప్పినవానికి రుసుము లేకపోయినచో, రేపు అతడు అక్కరలేని సామాను తగిలించియైనను డబ్బు రాబట్టుకొనవలసి వచ్చును. నిజము చెప్పుటకు కూలి లేనిచోట అబద్ధమునకు బలము కలుగును.

సామాను ధర, పని ధర వేరువేరుగా వ్రాసి చూపవలెను. సామానుపై కొంత లాభము తీసికొనుటలో తప్పు లేదు; నేనును వ్యాపారినే. కాని కూలిని దాచి సామానులో కలుపుట మంచిది కాదు. తీసివేసిన పాత భాగమును యజమానికి తిరిగి ఇవ్వవలెను. బాగు కాకపోయినచో చూచిన రుసుము మాత్రమే పుచ్చుకొనవలెను. అదే లోపము నెలలోపల మరల వచ్చినచో కూలి లేక చేయవలెను. యంత్రము విప్పకముందే, “ఇందులో పోకూడనివి ఏమున్నవి?” అని అడుగవలెను. దుకాణము ఖాతాలు పోయిన మరల వ్రాసికొనవచ్చునేమో. చనిపోయిన తండ్రి ఫొటోలు పోయిన ఎవరు తెచ్చి ఇత్తురు? ప్రతి పనికి రసీదు ఇవ్వవలెను. ఏడాదికి ఇరువది లక్షల రూపాయల లోపు రాబడి గల ఇట్టి పనివారికి మన రాష్ట్రములో సాధారణముగా జీ.ఎస్.టీ. నమోదు అక్కరలేదు. నమోదు లేనివారు ఆ పన్ను పేరిట గిరాకీ వద్ద ఒక్క రూపాయియు వసూలు చేయరాదు.

ఇక పెద్దలు చెప్పు ఆక్షేపణ ఒకటి కలదు. “మనవారు పేదలు. బీడీలు చుట్టు తల్లి కూతురు చదువునకై పాత ల్యాప్‌టాప్ కొన్నది. దానికి ఇంత ధర చెప్పిన ఎట్లు?” ఈ మాటలో న్యాయమున్నది, దీనిని త్రోసివేయలేము. దీనికి నా సమాధానము: తగ్గించవలసినచోట తగ్గించవలెను, కాని ధర చెప్పి తగ్గించవలెను. “దీనికి ఐదు వందలు అక్కా, చెల్లె చదువు కొరకు గనుక మూడు వందలే ఇయ్యి” అన్నప్పుడు పనికి విలువ నిలిచినది, సాయమునకును విలువ నిలిచినది. మీ ఇష్టమన్నప్పుడు ఆ తల్లి పడు ఇబ్బంది చూడుడు. తక్కువ ఇచ్చితినేమో అని ఆమె కుములును. ఎక్కువ ఇచ్చినచో ఆ వారము ఇంటి సరుకులలో కోత పడును. ధర తెలియనిది పేదవారికే ఎక్కువ భారము. వినయమనుకొని చేసిన పని ఆమెను చీకటిలో నిలిపినది.

ఈ సాయము నావంటి దుకాణదారులకు వర్తించదు. మేము పూర్తి ధర ఇచ్చినప్పుడే ఆ చెల్లెకు తగ్గించుటకు అతనికి శక్తి కలుగును. బంధుత్వమును చూపి తగ్గింపు అడుగువారిలో కలిగినవారే ముందుండుట నేను చూచినాను. ఆ వరుసలో నేనును నిలిచినవాడను.

మన తల్లులు ఒక్కొక్కరుగా సావుకారు ముందు నోరు విప్పలేకపోయినను, కలిసి అడిగినప్పుడు సాధించినవి కలవు. 2006లో కుంభారి వద్ద బీడీ కార్మికులకు చేతికి వచ్చిన పదివేల ఇండ్లు ఎవరో తమ ఇష్టముకొద్దీ ఇచ్చినవి కావు. అడుగుట మన ఇంటివారికి తెలియని విద్య కాదు.

కావున మన సంఘమువారికి నా మనవి ఇది. ఒక ఆదివారమునాడు ఈ పనిచేయు యువకులను పిలిచి కూర్చుండబెట్టవలెను. అందరును ఒకే ధర పెట్టవలెనని నేను కోరుట లేదు. అనుభవము గలవాడును, నిన్న నేర్చినవాడును ఒకే ధర అడుగజాలరు. ఎవరి లెక్క వారు వేసికొని, ఎవరి ధరల పట్టీ వారు తెలుగులోను మరాఠీలోను వ్రాసి గోడకు తగిలించవలెను. సంచితో తిరుగువారు కాగితముపై వ్రాసి వెంట ఉంచుకొనవలెను. లెక్క కట్టుట తెలియనివారికి ఒక సాయంకాలము కూర్చుండి నేర్పుటకు నేను సిద్ధముగా ఉన్నాను. ఇతర వ్యాపారులును ముందునకు రావలెను.

గృహస్థులకు ఇంకొక మనవి. యంత్రము అప్పగించునప్పుడే ధర అడుగుడు. “మీ ఇష్టం” అని సమాధానము వచ్చినచో ఒప్పుకొనకుడు, చెప్పువరకు అడుగుడు.

పుణేలోని ఆ అబ్బాయికి మొన్న ఫోను చేసితిని. ఆనాటి పనికి న్యాయముగా ఎంత అయినదో ఇప్పుడైనను చెప్పుమంటిని. చాలసేపు నవ్వి, వద్దన్నాడు. విడువక అడిగితిని. చివరకు పదునైదు వందలన్నాడు. మిగిలిన పన్నెండు వందలు ఆ సాయంకాలమే పంపితిని. ధర చెప్పుటకు అతనికి రెండేండ్లు పట్టినది. అడుగుటకు నాకును రెండేండ్లు పట్టినది. రానున్న పిల్లలకు ఇంత ఆలస్యము జరుగకుండ చూచుట మన అందరి బాధ్యత.