సేరు రాయి అరిగితే...

పోయిన ఆదివారం కొత్తపేటలో మా అక్కయ్యగారింటికి వెళ్ళాను. కాఫీ చేతికి రాకముందే మేనల్లుడు నన్ను మేడమీదికి లాక్కుపోయాడు. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. అంకె ఇస్తే దానికి తగిన వోల్టేజి ఇచ్చే యంత్రం, డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టరు, సొంతంగా కట్టాడు. సెల్‌ఫోనులో పాట వినబడాలన్నా ఈ పని జరగవలసిందే.

"లెక్క సరిగానే వుంది మామయ్యా, మీటరే వెనక్కి నడుస్తోంది!" అన్నాడు దిగులుగా. మర్నాడే కాలేజీలో చూపించాలిట.

వాడి యంత్రం ఎనిమిది బిట్లది. ఒక్కొక్క మెట్టుకు 20 మిల్లీవోల్టులు. 127 ఇస్తే సరిగ్గా 2.54 వోల్టులు వచ్చింది. 128కి 2.56 రావలసింది, 2.51 వచ్చింది! ఒకటి కలిపితే తగ్గడమేమిటి?

పండ్ల మార్కెట్టు 2021-22లో బాటసింగారం తరలిపోయింది గాని, కొత్తపేటవాళ్ళకు తక్కెడ సంగతి ఒకరు చెప్పాలా? వెనకటి రాళ్ళు గుర్తు తెచ్చుకోండి: సేరు, అద్దసేరు, పావుసేరు, అద్దపావు. ప్రతిదీ పైదానిలో సగం. కన్వర్టరులోనూ అంతే: 128, 64, 32, 16, 8, 4, 2, 1. రాళ్ళకు బదులు రెసిస్టర్లు. 127 అంటే చిన్న రాళ్ళు ఏడూ కలిసి. 128 అంటే వాటినన్నిటినీ దించి పెద్దరాయి ఒక్కటే వేయడం. ఆ ఒక్కటి రెండు శాతం అరిగిందా, రెండున్నర మెట్లు మాయం!

సున్నా ఇచ్చినా మీటరు కొంత చూపిస్తే అది పాసంగం లోపం. అన్ని తూకాల్లోంచీ ఒకేలా తీసివేయవచ్చు. రాళ్ళన్నీ ఒకే పాళ్ళలో అరిగినా నయమే, ఒక్క గుణకారంతో సరిపోతుంది. ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా అరిగినప్పుడే చిక్కు.

"ఇంకో నాలుగు రెసిస్టర్లు తగిలించి పన్నెండు బిట్లు చేసేస్తే?" అన్నాడు. పెట్టెమీద బిట్ల సంఖ్య చూసి మురిసిపోయేవాళ్ళూ ఇక్కడే పొరబడతారు. సేరు రాయి అరిగితే గురిగింజలు చేర్చి ఏం లాభం? మెట్లు సన్నబడతాయి, తప్పు మాత్రం కదలదు.

కోఠీ నుంచి తెచ్చిన ఆ రెసిస్టర్లమీద బంగారు చార వుంది. అయిదు శాతం వరకు తేడా వుండవచ్చునని దాని అర్థం. గోధుమ చార గల ఒక శాతం రకమైనా 128 దగ్గర 1.28 మెట్లు తప్పవచ్చు. 1982లో వచ్చిన సీడీ పదహారు బిట్లది. అక్కడ పెద్దరాయి 32,768! అందుకే కొన్ని చిప్పులలో రెసిస్టరు పొరను కార్ఖానాలోనే లేసరుతో చెక్కి సరిచేస్తారు.

మాకు లేసరెక్కడిది? 128 స్థానంలో కాస్త తక్కువ విలువగల రెసిస్టరు వేసి, దానికి వరసగా చిన్న ప్రిసెట్ కలిపి, స్క్రూడ్రైవరుతో తిప్పుతూ కూర్చున్నాం. మీటరు 2.56 చూపేసరికి కిందనుంచి అక్కయ్య మూడోసారి భోజనానికి పిలిచింది.

"64 దగ్గర కూడా ఒకసారి చూద్దాం మామయ్యా" అన్నాడు వాడు, కుర్చీలోంచి లేవకుండానే.