వంశములు గతించినవి, చెరువులు మన చేతికి వచ్చినవి



రాజవంశముల ప్రస్తావన వచ్చినపుడు మనవారికి రెండు ప్రశ్నలు మిక్కిలి ప్రీతికరములు. ఎవరు ఎవరిని జయించిరి? ఏ రాజు ఏ కులమువాడు? పెనుకొండ, ధర్మవరము, హిందూపురము ప్రాంతములలో రాయలవారి పేరు తలచినంతనే రెండవ ప్రశ్న మరింత బిగ్గరగా వినిపించును. శాస్త్రదృష్టితో చూచినచో ఈ రెండును అప్రధానములు. అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు: ఆ వంశము ప్రజకు ఏ జలమును సమకూర్చెను? ఆ జలమును తరువాతివారు నిలుపుకొనిరా?

ఈ విషయమున చీనా దేశపు ప్రాచీన చరిత్ర మనకు చక్కని దృష్టాంతము. వారి ఐతిహ్యము ప్రకారము తొలి వంశమైన షియాకు మూలపురుషుడు యు అను మహనీయుడు. అతడు యుద్ధము గెలిచి రాజు కాలేదు. వరదనీటికి కాలువలు త్రవ్వి దారి చూపి రాజయ్యెను. తరువాత షాంగ్ వంశము వచ్చెను. సుమారు క్రీ.పూ. 1046లో షాంగ్ రాజును తొలగించిన ఝౌ వంశీయులు ఒక సిద్ధాంతమును ప్రకటించిరి: రాజ్యాధికారము దైవదత్తమైన ఆజ్ఞ, రాజు ధర్మము తప్పినచో ఆ ఆజ్ఞ మరియొకరికి సంక్రమించును. వేనుని కథ ఎఱిగినవారికి ఇది క్రొత్త కాదు. అధర్మపరుడైన వేనుని ఋషులు తొలగించిరి. అతని తరువాత వచ్చిన పృథువు గోరూపధారిణియైన భూమిని పితికి ప్రజను పోషించెను.

క్రీ.పూ. 221లో ఛిన్ వంశపు రాజు చీనాను ఏకచ్ఛత్రము క్రిందికి తెచ్చి, తన్ను 'ప్రథమ చక్రవర్తి' యని పిలిపించుకొనెను. తన సంతతి పదివేల తరములు ఏలవలెనని అతని సంకల్పము. క్రీ.పూ. 213లో గ్రంథములను దహింపజేసెను. పదివేల తరములు ఏలవలసిన ఆ సామ్రాజ్యము పదునైదేండ్లకే కూలినది. అయితే అంతకు పూర్వమే, సుమారు క్రీ.పూ. 256లో, అదే ఛిన్ రాజ్యమున లీ బింగ్ అను అధికారి మిన్ నదిని చీల్చి దుజియాంగ్‌యాన్ కాలువలను నిర్మించెను. అవి నేటికిని సిచువాన్ పొలములను తడుపుచున్నవి. హాన్ వంశము నాలుగు వందల ఏండ్లు ఏలి గతించినది. తరువాత ఎన్నో వంశములు గతించినవి. కాలువలు మాత్రము నిలిచినవి. కారణమేమి? నీరు తగ్గిన కాలమున పూడిక తీసి గట్లు చక్కబెట్టు ఆచారమును అచటి జనులు తరతరములుగా పాటించిరి. వంశమేదైనను పార ఆగలేదు.

ఇక మన సీమకు వత్తము. 1336లో ఆరంభమైన విజయనగర రాజ్యమున సంగమ, సాళువ, తుళువ, ఆరవీటి వంశములు వరుసగా ఏలినవి. 1565 యుద్ధానంతరము పెనుకొండయే రాజధాని అయ్యెను. ఇది ఎల్లరు ఎఱిగినదే. కాని 1388 నాటి శాసనమొకటి చెప్పు సంగతి ఎందరికి తెలియును? హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండగా, ప్రాణులకు జలమే జీవనమని తలచి, పెన్నేటి నీటిని పెనుకొండకు తెమ్మని జలసూత్ర నిపుణుడైన సింగయభట్టును ఆజ్ఞాపించెను. ఆ భట్టు సిరువెర చెరువునకు కాలువ త్రవ్వించెను. అంతకు ముందే, 1369లో, బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కడప సీమలో పోరుమామిళ్ళ చెరువును కట్టించి, తటాకమునకు పన్నెండు అంగములను, ఆరు దోషములను శాసనమున చెక్కించెను. నేడు ఆ దోషములకు ఏడవదానిని మనమే చేర్చితిమి: చెరువునకు నీరు చేర్చు వంకను ఆక్రమించుట.

మన తాడిమర్రి చిత్రావతీ సీమకు చెందినది. ఇచట వర్షము స్వల్పము, వేరుసెనగ రైతు ఆకాశము వంక చూచుటయే అధికము. సభాపర్వమున నారదుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలలో ఒకటి ఇదియే: కృషి కేవలము వర్షముపై ఆధారపడకుండునట్లు రాజ్యమున తటాకములు నిండియున్నవా? అదే ప్రశ్న నేడు మనలను అడిగినచో ఏమని బదులు చెప్పగలము? చెరువులలో కంపచెట్లు, తూములలో చెత్త, మరువ పారిన సంవత్సరము పెద్దల జ్ఞాపకములలో. పూర్వము చెరువుల మరమ్మతుకై దశబంధ మాన్యములు ఉండెడివి. నీటిని పంచుటకు నీరుగంటి ఉండెను. ఆ వ్యవస్థ శిథిలమైనది.

"ఇది ప్రభుత్వము చేయవలసిన పని, అర్చకునకేల?" యని కొందరందురు. ప్రభుత్వమునకు బాధ్యత లేదని నేననను. కాని వైదిక ధర్మము ఇష్టము, పూర్తము అని రెండు కర్మలను విధించినది. యజ్ఞము, హోమము ఇష్టము. వాపీ కూప తటాక దేవాలయ నిర్మాణము పూర్తము. మనము ఇష్టమును మైకులు పెట్టి చేయుచు, పూర్తమును విడిచితిమి. గోపురమునకు రంగు వేయుటకు చందా ఇచ్చు చేయి, తూము ముందరి మట్టి తీయుటకు ముడుచుకొనుచున్నది. జీర్ణోద్ధరణము నూతన నిర్మాణముకంటె పుణ్యప్రదమని పెద్దలు చెప్పుదురు. అది దేవాలయమునకే కాదు, తటాకమునకును వర్తించును.

కావున నా అభిప్రాయము ఇది. రథోత్సవమునకు చందా ఇచ్చు ప్రతి గృహస్థుడు వైశాఖమాసమున, వానలకు ముందు, ఒక దినము తన ఊరి చెరువు పనికి రావలెను. దేవాలయమున ఆ దినమునకు తిథి నిర్ణయించి, అన్నప్రసాదము చెరువుకట్టపైననే వడ్డించవలెను. ఏ కులమువారు ఏ రాజవంశమునకు వారసులో తేల్చుకొనదలచువారు కూడ అచటికే రావచ్చును. కట్టించినవాని చెరువును కాపాడినవాడే వారసుడు.

ఒక్కమాట గమనించుడు. నిత్యపూజలో మనము చెప్పు సంకల్పమున శ్రీశైలము ఉన్నది, కృష్ణా కావేరులు ఉన్నవి, మనము ఏ నదుల నడుమ నిలిచియున్నామో ఉన్నది. ఏ సంగమరాజు పేరును, ఏ తుళువరాజు పేరును అందు లేదు. రాజుల పేర్లు లేకున్నను సంకల్పము సిద్ధించును. కలశమున నీరు లేనిదే పూజ ఆరంభము కాదు.

స్వస్తి.