విల్లా, స్విమ్మింగ్ పూలు, కొంచెం లెక్క

ఈ మధ్య మా ఆఫీసులో శుక్రవారం మధ్యాహ్నం నాలుగయ్యిందంటే చాలు, కోడ్ రివ్యూల కన్నా జోరుగా నడిచే చర్చ ఒకటుంది. ఈ వారాంతం ఏ ఫార్మ్‌హౌస్? హైదరాబాదులో పనిచేసే సాఫ్టువేరు జనాల్లో ఇప్పటిదాకా ఒక్కసారన్నా శంకర్‌పల్లి వైపో, మొయినాబాద్ వైపో, చేవెళ్ళ వైపో విల్లా తీసుకుని ఒక రాత్రి గడపనివాళ్ళు తక్కువే అనుకుంటా. పుట్టినరోజులు, టీమ్ అవుటింగులు, అమెరికా నుంచి వచ్చిన స్నేహితుడికి స్వాగతం, అదే స్నేహితుడికి మళ్ళీ వీడ్కోలు, అన్నీ అక్కడే.

ముందే చెప్పేస్తున్నా, నేను విల్లాలకి వ్యతిరేకిని కాను. వారమంతా ఏసీ గదిలో మానిటరు వంక చూసిచూసి, అర్ధరాత్రి క్లయింట్ కాల్స్ మాట్లాడి, ఇంటికెళ్తే అపార్ట్‌మెంటు బాల్కనీలోంచి ఎదుటివాళ్ళ బాల్కనీ తప్ప ఇంకేమీ కనపడని బతుకులు మనవి. రెండు రోజులు చెట్ల మధ్య కూర్చోవాలనుకోవడం తప్పేం కాదు. నా గొడవ వేరు. అది నీళ్ళ గొడవ.

ఈ విల్లాల ప్రకటనలు ఎప్పుడైనా శ్రద్ధగా చదివారా? అన్నీ ఒకేలా ఉంటాయి. "ప్రకృతి ఒడిలో లగ్జరీ విల్లా, ప్రైవేట్ పూల్, పచ్చటి లాన్, నాలుగు బెడ్రూములు." ఆ కింద "దగ్గర్లో చూడదగ్గవి" అని ఒక జాబితా. అనంతగిరి కొండలు, గండిపేట, హిమాయత్ సాగర్, చిలుకూరు బాలాజీ గుడి, కోట్‌పల్లిలో కయాకింగ్, చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్లు.

ఆ జాబితాని ఇంకోసారి చూడండి. అనంతగిరి అంటే మూసీ పుట్టేచోటు. గండిపేట అంటే ఆ మూసీ మీద 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్. దాని ఉపనది ఈసీ మీద 1927లో పూర్తయింది హిమాయత్ సాగర్. మనలో చాలామంది వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేసి, వచ్చాక నూటెనిమిది చేసిన చిలుకూరు గుడి ఉన్నది ఆ గండిపేట ఒడ్డునే :) కోట్‌పల్లి నది వేరు గానీ అదీ నీళ్ళే. అంటే విల్లా వాడు మనకి అమ్ముతున్న చుట్టుపక్కల అందమంతా నిజానికి ఒక పరీవాహక ప్రాంతం మ్యాపు. ఈ జాబితాలో ఉన్నవన్నీ అందంగా ఉండాలంటే వాన నీరు భూమిలోకి ఇంకి, వాగుల్లోంచి చెరువుల్లోకి చేరాలి. మనం ఈత కొట్టే నీళ్ళు కూడా ఆ భూమిలోంచే వస్తున్నాయి.

ఈ రెండు చెరువులూ సరదాకి కట్టినవి కావు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించి సలహా అడిగింది. అలా వచ్చినవే ఇవి. ఒకే దెబ్బకి రెండు పనులు: వరదని ఆపడం, ఊరికి తాగునీళ్ళివ్వడం. వీటి చుట్టూ పది కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు రాకూడదని 1996 మార్చిలో జీవో 111 వచ్చింది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. ఆ పరిధిలో ఒక పరిశ్రమకి మినహాయింపు ఇవ్వడం కుదరదని 2000లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాలం మారింది. నగరానికి నీళ్ళు ఇప్పుడు ఎక్కువగా కృష్ణా, గోదావరుల నుంచి వస్తున్నాయి కాబట్టి ఆ ఆంక్షలు ఇంకా అవసరమా అన్న వాదన బలపడి, 2022 ఏప్రిల్లో జీవో 69తో వాటిని సడలించారు. తాగడానికి అక్కర్లేదు సరే, మరి వరద సంగతో? 2025 సెప్టెంబరులో మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చి నిలబడింది. నదికి జీవోలు చదవడం రాదు.

ఇక లెక్కలోకి వద్దాం. ఇంజనీరింగు చదివాం కదా, ఆ మాత్రం చెయ్యగలం.

మామూలు విల్లా పూలు పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు అనుకోండి. 70 ఘనపు మీటర్లు, అంటే 70 వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే పద్నాలుగు. జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ లెక్కన ఒక్క పూలు నీళ్ళు దాదాపు 1270 మందికి ఒక రోజు సరిపోతాయి.

ఇక్కడ ఆగిపోతే ఇది కూడా వాట్సాప్ ఫార్వర్డ్ అయిపోతుంది. "మరి వరికెంత పోతుంది బాబూ?" అని మీరడుగుతారు. అడగాలి కూడా. ఒక ఎకరం వరికి ఒక పంటకి సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు అనుకుంటే, దాదాపు 48 లక్షల లీటర్లు. దాని ముందు 70 వేలు ఏపాటి? కాబట్టి పూలు నింపడం అసలు సమస్య కాదు. ఎన్నిసార్లు నింపుతున్నారన్నదే సమస్య.

పూలుకి మంచి ఫిల్టరు, పంపు ఉండి, క్లోరిను, పీహెచ్ రోజూ చూసుకుంటే ఆ నీళ్ళే నెలల తరబడి వాడుకోవచ్చు. ఎండకి ఆవిరయ్యేది, ఫిల్టరు కడగడానికి పోయేది మళ్ళీ పోస్తే చాలు. 50 చదరపు మీటర్ల పూలు నుంచి సగటున రోజుకి 5 మిల్లీమీటర్లు ఆవిరయిందనుకుంటే 250 లీటర్లు. ఏడాదికి తొంభై వేలు. మొదట నింపినదీ, ఫిల్టరు కడిగినదీ కలుపుకున్నా రెండు లక్షల లీటర్ల లోపే. అదే ఫిల్టరు సరిగ్గా లేక వారానికోసారి మొత్తం తీసేసి నింపితే? 70 వేలు ఇంటూ 52, 36 లక్షల లీటర్లు! అదే పూలు, అదే నీలం టైల్సు, అవే ఫోటోలు. ఖర్చు మాత్రం పద్దెనిమిది రెట్లు. తేడా అంతా మెషిన్ రూములో ఉన్న ఒక ఫిల్టరు దగ్గరుంది.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. పోయిన వేసవిలో మా టీముతో వెళ్ళిన ఒక విల్లాలో ఆదివారం పొద్దున్నే పూలు పక్కన మోటారు, లావుపాటి పైపులు చూసి వాచ్‌మన్‌ని అడిగాను. "రేపు నీళ్ళు తీసేస్తం సార్. ప్రతి సోమవారం తీసుడే. కొత్త పార్టీ వచ్చుడు వచ్చుడే నీళ్ళు కొత్తవేనా అని అడుగుతరు," అన్నాడు. ఫిల్టరు లేదా అంటే, "ఉంది గానీ, చెడిపోయి శానా రోజులైంది" అట. ఇంకోమాట కూడా అన్నాడు. "మా ఇంటికాడ బోరు పోయినెల ఆగింది సార్. ఈడ్కెళ్ళే బిందెలు పట్కపోతున్నం." అతని ఇల్లు ఆ గోడకి అవతల, కేకేస్తే వినపడేంత దూరం.

అతని బోరు ఎండింది ఈ విల్లా వల్లేనని నేను తీర్పు చెప్పలేను. కానీ మన నేల సంగతి తెలిస్తే అనుమానం రాక మానదు. ఇక్కడ కింద ఉన్నది గట్టి రాయి. గోదావరి డెల్టాలోలాగా ఇసకలో నీళ్ళు నిండి ఉండవు. రాతి పగుళ్ళలో ఉన్నంతే ఉంటాయి. ఆ పగుళ్ళు ఒక బోరు నుంచి ఇంకో బోరుకి కలిసి ఉంటే, లోతుగా వేసి గట్టిగా లాగినవాడికే నీళ్ళు. పక్కవాడికి గాలి. పైగా మనం పూలు కోసం ఎగబడేది ఎప్పుడు? ఏప్రిల్, మే. భూగర్భజలాలు అడుగంటేదీ సరిగ్గా అప్పుడే. మన లోడ్ టెస్టింగు భాషలో చెప్పాలంటే, సర్వరు కెపాసిటీ అన్నిటికన్నా తక్కువ ఉన్న రోజునే పీక్ ట్రాఫిక్ పంపిస్తున్నాం.

ఇంకో విషయం, ఇది నేను లెక్క వేసేదాకా నాకూ తట్టలేదు. అందరి కళ్ళూ నీలం పూలు మీదే ఉంటాయి కానీ, చప్పుడు చెయ్యకుండా తాగేది పచ్చటి లాను. అర ఎకరం లానుకి రోజుకి 5 మిల్లీమీటర్ల నీరు పెడితే పది వేల లీటర్లు. వానాకాలం తీసేసి ఎనిమిది నెలలే చూసుకున్నా 24 లక్షల లీటర్లు. బాగా చూసుకునే పూలుకి పన్నెండు రెట్లు! అర ఎకరం వరికి కూడా అంతే పడుతుంది, కాకపోతే అక్కడ చివరికి బస్తాల్లోకి వడ్లొస్తాయి. ఇక్కడ మనం చెప్పులతో నడిచి, క్రికెట్టాడి, చికెన్ ముక్కలు పడేసి వచ్చేస్తాం. అదే స్థలంలో నాలుగు వేప, నాలుగు కానుగ, ఒక చింతచెట్టు ఉంటే వేళ్ళూనుకున్నాక పెద్దగా నీళ్ళడగవు. పైగా నీడ ఊరికే. చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్లకి ఎవరు స్ప్రింక్లర్లు పెట్టారు?

దీనికి ఎదురు వాదన ఉంది, అందులో న్యాయం కూడా ఉంది. విల్లాల వల్ల ఆ ఊళ్ళలో వాచ్‌మన్లకి, వంటవాళ్ళకి, తోటమాలులకి నెలనెలా జీతం వస్తోంది. భూములకి ధర వచ్చింది. టమాటాకి గిట్టుబాటు లేక విసిగిపోయిన రైతు అమ్ముకుంటే తప్పు పట్టడానికి ఏసీలో కూర్చున్న మనమెవరం? పైగా గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో మనం వాడే ట్యాంకరు నీళ్ళు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడుతున్నాయా? అన్నీ ఒప్పుకుంటాను. అందుకే "విల్లాలు మూసెయ్యండి" అనడం లేదు. ఉద్యోగాలిచ్చేది మనుషులు రావడం వల్ల, ప్రతి సోమవారం నీళ్ళు పారబోయడం వల్ల కాదు. ఫిల్టరు బాగుచేయిస్తే ఒక్కరి జీతమూ పోదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. బోరు వెయ్యాలంటే అనుమతి కావాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతుంది. బెంగుళూరులో 2024 మార్చిలో నీళ్ళకి కటకటలాడినప్పుడు అక్కడి జలమండలి స్విమ్మింగ్ పూల్సుకి తాగునీళ్ళు వాడొద్దని నిషేధించి, అయిదు వేల జరిమానా పెట్టింది. అక్కడున్న మన తెలుగువాళ్ళకి బాగా గుర్తుండే ఉంటుంది. కానీ అంతదాకా వచ్చాక నిషేధించడం అంటే ప్రొడక్షన్ పడిపోయాక టెస్ట్ కేసులు రాయడం లాంటిది.

చట్టం కన్నా త్వరగా పనిచేసేది మన చేతిలో ఉంది. ఈ వ్యాపారం మొత్తం నడిచేది మన డబ్బుతో. వాచ్‌మన్ చెప్పింది గుర్తుందిగా, "నీళ్ళు కొత్తవేనా" అని అడిగేది మనమే. ఆ ప్రశ్నే ఫిల్టరుని చంపేసింది. నీళ్ళు పారబోస్తే మెచ్చుకుంటున్నాం, ఫిల్టరు నడిపితే అనుమానిస్తున్నాం. వైఫై ఉందా, పదింటి తర్వాత పాటలు పెట్టుకోవచ్చా అని పది ఫోన్లు చేసేవాళ్ళం, ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగితే పోయేదేముంది? పూలుకి ఫిల్టరు పనిచేస్తోందా? నీళ్ళు ఎన్నాళ్ళకోసారి మారుస్తారు? తీసేసిన నీళ్ళు ఎటు పోతాయి? వాన నీళ్ళు ఇంకడానికి గుంతలున్నాయా? కొత్త నీళ్ళ బదులు ఈ రోజు క్లోరిన్, పీహెచ్ రీడింగు ఎంత అని అడగండి. శుభ్రతకి అసలు రుజువు అదే. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. పొద్దున్న పోసిన బోరు నీళ్ళలో క్లోరినే లేకపోతే సాయంత్రానికి ఇరవైమంది దిగాక అవి పేరుకే కొత్తవి.

ఒక్కరు అడిగితే ఓనరు నవ్వుతాడు. వారానికి పదిమంది అడిగితే మెకానిక్కుని పిలుస్తాడు. ప్రకటనలో "ప్రైవేట్ పూల్" పక్కన "ఫిల్టరు ఉంది, నీళ్ళు వృథా చెయ్యం" అని రాసుకునే రోజు వస్తే, అది జీవో వల్ల కాదు, బుకింగుల వల్లే వస్తుంది.

మా టీములో వచ్చేసారి విల్లా వెతికే పని నాకే అప్పజెప్పారు, ఇంత గోల చేశావుగా అని :) ఇప్పటికి ముగ్గురు ఓనర్లకి ఫోన్ చేశాను. ఒకాయన ఫోన్ పెట్టేశాడు. ఒకాయన "ఇంతవరకూ ఎవరూ అడగలేదు సార్" అన్నాడు. మూడో ఆయన ఫిల్టరు ఫోటో తీసి పంపించాడు. అక్కడికే వెళ్తున్నాం.

మీరు వెళ్ళే విల్లాలో సంగతేంటి? మీరేమంటారు?