బిళ్ళగన్నేరు లాభం ఎవరికి?

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప కోతలకు, పత్తి తీతలకు పోయే కూలీల్లో షుగరు జబ్బున్నవాళ్ళున్నారు. ఆస్పత్రికి పోతే ఆ రోజు కూలి పోతుంది. అందుకని కొందరు దొడ్లోని బిళ్ళగన్నేరు ఆకు నమిలి పనికి పోతారు.

ఈ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి. జమైకా ప్రజలు కూడా దీన్ని షుగరుకే వాడేవారు. కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రవేత్తలు ఆ ఆకును ఎలుకలపై పరీక్షించారు. షుగరు తగ్గలేదు. రసం సూదిద్వారా ఎక్కిస్తే తెల్ల రక్తకణాలు పడిపోయి ఎలుకలు చచ్చాయి! ఆ దారినే 1958లో విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సరు మందు బయటపడింది. అమెరికాలోని ఎలీ లిల్లీ కంపెనీ తీసిన విన్‌క్రిస్టిన్ 1963లో అమ్మకానికొచ్చింది. పసిపిల్లల రక్త క్యాన్సరుకు ఈనాటికీ అది ముఖ్యమైన మందు. లాభాలు మాత్రం కంపెనీకి పోయాయి, మొక్క పుట్టిన దీవి పేదలకు వాటా లేదు.

మన దగ్గర 2002 జీవవైవిధ్య చట్టం స్థానికులకు వాటా ఉండాలంది. 2023 సవరణ సాగుచేసిన ఔషధ మొక్కలను ఆ బాధ్యత నుంచి తప్పించింది. ఇది ఎవరి మేలుకు?

కూలీ సోదర సోదరీమణులారా! విషముండే ఆకును కొలతా పరీక్షా లేకుండా నమలొద్దు. పనులు ముగిశాక, సాయంత్రం పూట ఊరి ఆస్పత్రిలో షుగరు పరీక్షా, బిళ్ళలూ ఇవ్వాలని అడుగుదాం. నాటు మందుల్ని సర్కారే తన ఖర్చుతో పరీక్షించాలనీ, ఆ మందు తెలిసినవాళ్ళకూ ఆకు కోసేవాళ్ళకూ వాటా ఇవ్వాలనీ పోరాడదాం.