హెచ్ బై త్రీ ఎక్కడి నుంచి వచ్చింది?

ఫస్టియర్‌లో ఇంజనీరింగ్ మెకానిక్స్ సార్ అడిగారు, "త్రిభుజం సెంట్రాయిడ్ ఎక్కడుంటుంది?" క్లాసంతా ఒకే గొంతుతో "భూమి నుంచి హెచ్ బై త్రీ సార్" అన్నాం. "ఎందుకు?" అన్నారు. ఇక ఫ్యాన్ల చప్పుడే! ఇంటర్‌లో వందల లెక్కలు చేసొచ్చినవాళ్ళం, ఒక్కరికీ నోరు పెగల్లేదు.

నాకు ఇంకాస్త ఎక్కువ సిగ్గేసింది. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఇంటర్‌కి రాగానే మధ్యగత రేఖ మీడియన్ అయింది, లంబకేంద్రం ఆర్థోసెంటర్ అయింది. పాత పేర్లు పలకడానికే మొహమాటపడి వదిలేశాను. ఆ రాత్రి హాస్టల్లో ఊరి నుంచి వచ్చిన అరిసెల డబ్బా అట్టని త్రిభుజంగా కత్తిరించి పెన్సిల్ మీద నిలబెట్టా. 'గురుత్వ కేంద్రం'. జవాబు పేరులోనే ఉంది కదా!

ఆలోచించండి. త్రిభుజాన్ని భూమికి సమాంతరంగా సన్నని పేలికలుగా కోశామనుకోండి. ప్రతి పేలికా దాని మధ్యబిందువు దగ్గర తూగుతుంది. ఆ మధ్యబిందువులన్నీ మధ్యగత రేఖ మీదే ఉంటాయి. అంటే మొత్తం తూగే బిందువు కూడా దాని మీదే ఉండాలి. ఏ భుజాన్ని భూమిగా తీసుకున్నా ఇదే మాట. అందుకే మూడు మధ్యగత రేఖలూ ఒకచోట కలవక తప్పదు. ఆ బిందువుని మూడు శీర్షాలకూ కలిపితే మూడు సమాన వైశాల్యాల త్రిభుజాలొస్తాయి. ఒక్కోదానిది మొత్తంలో మూడో వంతు, భూమి మాత్రం అదే. కాబట్టి ఎత్తు మూడో వంతే. హెచ్ బై త్రీ!

నిట్టనిలువు గోడ మీద నీటి ఒత్తిడి మొత్తం బలం అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో పనిచేస్తుందని సివిల్ వాళ్ళు చదువుతారు. అదీ ఈ త్రిభుజమే.

లంబకేంద్రం, గురుత్వ కేంద్రం, పరివృత్త కేంద్రం ఒకే సరళరేఖ మీద ఉంటాయని 18వ శతాబ్దంలో ఆయిలర్ చూపించాడు. మనకది రెండు మార్కుల బిట్టు. అంతర వృత్త కేంద్రం మాత్రం సమద్విబాహు త్రిభుజంలో తప్ప ఆ రేఖ మీదకి రాదు. ఎందుకని ఎవరైనా అడిగామా?

"సిలబస్ అవ్వాలి బ్రో, వీటికి టైమెక్కడ?" అంటారు. నిజమే, పరీక్ష ముందు రోజు నేనూ ఫార్ములాలే బట్టీ కొడతా. కానీ ఆ అట్టముక్కకి పట్టింది పది నిమిషాలు. బట్టీ కొట్టిన ఆర్థోసెంటర్ ఫార్ములాలు ఇప్పటికి సగం మర్చిపోయా. హెచ్ బై త్రీ మాత్రం ఇక మర్చిపోను.

మీ రూంలోనూ ఏదో ఒక డబ్బా ఉండే ఉంటుంది. కత్తెర తీయండి.